లివర్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రిపోర్టుల్లోని అంకెలను చదవడం ఎలా?

"నాన్నగారికి ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. ఏఎఫ్‌పీ 38 వచ్చింది, పక్కన ఎర్రగా హై అని ఉంది. మళ్లీ వచ్చినట్టేనా?" ఇలాంటి ప్రశ్న తరచూ వస్తోంది. (ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్, లివర్ క్యాన్సర్‌లో చాలామందికి రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్.) అడిగేవాళ్లు మారతారు, అంకె మారుతుంది, కంగారు మాత్రం ఒకటే. ఆ 38 మంచి వార్త కావచ్చు, చెడు వార్తా కావచ్చు. ఆపరేషన్‌కు ముందు ఎంత ఉందో, ఇప్పుడు ఎన్నో వారమో తెలియకుండా ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేరు.

అందుకే ఇంట్లో ఒకరు కూర్చుని రిపోర్టులన్నీ వరసగా ఎలా రాసుకోవాలో, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో ఇక్కడ చెబుతున్నాను. వైద్యం డాక్టరే నిర్ణయిస్తారు. ఓపీలో దొరికే ఆ కాసేపట్లో సరైన ప్రశ్న అడగడానికి ఇది మీకు పనికొస్తుంది.

ముందుగా ఒకటి చూసుకోండి. ఇక్కడ చెప్పేదంతా లివర్‌లోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా గురించి. పేగులో మొదలై లివర్‌కు పాకిన క్యాన్సర్‌కు గాని, పిత్తనాళాల క్యాన్సర్‌కు గాని ఈ లెక్కలు వర్తించవు. వాటికి వేరే మార్కర్లు (క్యాన్సర్ జాడ చెప్పే రక్త పరీక్షలు) చూస్తారు. మీ డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు ఏమని రాశారో చూశాకే ముందుకు వెళ్లండి.

కావలసినవి

- ఆపరేషన్‌కు ముందు చేయించిన రక్త పరీక్షలు: ఏఎఫ్‌పీ, చేయించి ఉంటే పివ్కా-2 (లివర్ క్యాన్సర్‌కు ఇంకో మార్కర్), సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ ఫంక్షన్ టెస్ట్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), హెపటైటిస్ బి, సి రిపోర్టులు
- డిశ్చార్జ్ సమ్మరీ
- తీసిన గడ్డ తాలూకు ఫైనల్ బయాప్సీ రిపోర్టు
- స్కాన్ రిపోర్టులు, వాటి సీడీలు
- వాడుతున్న మందులన్నిటి జాబితా (విటమిన్ బిళ్లలు, ఆయుర్వేదం, నాటు మందులు దాచకుండా రాయాలి)
- ఒక పొడుగాటి నోట్‌బుక్, 'లాగ్' బటన్ ఉన్న క్యాలిక్యులేటర్. చాలా ఫోన్లలో క్యాలిక్యులేటర్ తెరిచి ఫోన్‌ను అడ్డంగా తిప్పితే ఆ బటన్ కనిపిస్తుంది.

1. పట్టిక గీయండి

తేదీ, ఆపరేషన్ అయ్యాక ఎన్నో వారం, ల్యాబ్ పేరు, ఏఎఫ్‌పీ, పివ్కా-2, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు, స్కాన్‌లో ఏం రాశారు అన్నవి గడులుగా పెట్టండి. ప్రతి అంకె పక్కన యూనిట్ రాయడం తప్పనిసరి.

చివర ఇంకో గడి వెడల్పుగా ఉంచండి. ఆ వారం ఏం జరిగిందో అందులో రాయాలి: జ్వరం వచ్చింది, యాంటీబయాటిక్ వాడారు, ఆల్బుమిన్ ఎక్కించారు, హెపటైటిస్ మాత్ర నాలుగు రోజులు మానేశారు, ఇలా. మూడు నెలల తర్వాత ఏదైనా అంకె వింతగా కనిపిస్తే దానికి జవాబు చాలాసార్లు ఈ గడిలోనే దొరుకుతుంది.

ఫోన్‌లో షీట్ చేసుకున్నా ఫరవాలేదు. కానీ డాక్టర్ ముందు పెట్టడానికి కాగితమే సుఖం.

2. బయాప్సీ రిపోర్టు తెచ్చుకుని చదవండి

అన్నిట్లో ఒక్కటే చదవమంటే నేను దీన్నే చదవమంటాను. గడ్డ మళ్లీ వచ్చే అవకాశం ఎంతో అంచనా వేయడానికి రక్తంలోని ఏ మార్కర్ కంటే ఎక్కువ సమాచారం ఇందులోనే ఉంటుంది. చిక్కేమిటంటే, ఇది చాలాసార్లు పేషెంట్ డిశ్చార్జ్ అయి ఇంటికి వెళ్లాక వస్తుంది. ఎవరూ వెళ్లి తీసుకోరు. ఫైల్లో ఆ కాగితమే ఉండదు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి తీసుకోండి.

అందులో వెతకాల్సిన మాటలు ఇవి.

మైక్రోవాస్కులర్ ఇన్వేజన్: గడ్డ చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల్లోకి క్యాన్సర్ కణాలు వెళ్లాయా లేదా అన్నది. స్కాన్‌లో ఇది నమ్మకంగా తెలియదు, మైక్రోస్కోప్ కింద చూస్తేనే తెలుస్తుంది. 'ప్రెజెంట్' అని ఉంటే, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, తిరిగి వచ్చే ముప్పు ఎక్కువ.

మార్జిన్: కోసిన అంచున క్యాన్సర్ కణాలు ఉన్నాయా అన్నది. 'నెగటివ్' లేదా 'ఆర్0' అని ఉండాలి.

గడ్డ సైజు, సంఖ్య, శాటిలైట్ నాడ్యూల్స్: ఒకటే గడ్డా, చుట్టూ పిల్ల గడ్డలు ఉన్నాయా అన్నది. సైజు, సంఖ్య పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది.

డిఫరెన్షియేషన్: 'వెల్', 'మోడరేట్', 'పూర్' అని మూడు స్థాయిలు రాస్తారు. 'పూర్' అంటే కణాలు దూకుడుగా పెరిగే రకం.

మిగిలిన లివర్ పరిస్థితి: సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడడం) ఉందా లేదా. దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండేళ్లు దాటాక వచ్చే గడ్డల్లో చాలావరకు పాత గడ్డ తాలూకువి కావు, దెబ్బతిన్న లివర్‌లో కొత్తగా పుట్టినవి. కాబట్టి రెండేళ్లు బాగా గడిచినా సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఫాలో-అప్ మానకూడదు.

మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ ఊసే రిపోర్టులో లేకపోతే 'లేదు' అని అనుకోకండి. "దీని గురించి రాయలేదు, పెథాలజీ వాళ్లను ఒకసారి అడుగుతారా?" అని మీ సర్జన్‌ను అడగండి.

3. ఆపరేషన్‌కు ముందటి ఏఎఫ్‌పీ పట్టుకోండి

ఆ అంకెను పట్టికలో మొదటి వరసలో రాసి గీత గీయండి. ఇప్పుడు మీరు ఈ మూడింటిలో ఒక దారిలో ఉంటారు.

(అ) ముందు బాగా ఎక్కువగా ఉంది. అయితే ఏఎఫ్‌పీ మీకు పనికొచ్చే మార్కర్. ఆపరేషన్ తర్వాత దిగాలి, దిగినచోటే ఉండాలి. ముందే మిల్లీలీటర్‌కు 400 నానోగ్రాములు దాటి ఉంటే ముప్పు ఎక్కువ ఉన్న వర్గంగా చాలామంది డాక్టర్లు చూస్తారు. ఫాలో-అప్‌లో ఒక్క తేదీ కూడా వదలకండి.

(ఆ) ముందు కూడా నార్మలే. లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఏఎఫ్‌పీ పెరగదు. మీరు ఆ కోవలో ఉంటే ఇప్పుడు నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండడానికి లేదు. మీకు స్కానే ఆధారం. పివ్కా-2 పనికొస్తుందేమో అడగండి.

(ఇ) ముందు పరీక్షే చేయలేదు, లేదా కాగితం పోయింది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబ్‌లో పేషెంట్ నంబర్ చెబితే పాత రిపోర్టు దొరకవచ్చు. దొరక్కపోతే ఆపరేషన్ తర్వాత వచ్చే మొదటి అంకె ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చకండి. తర్వాతి దానితో పోల్చుకోవడానికి దాన్ని ఉంచుకోండి.

4. ఏఎఫ్‌పీ ఎలా దిగుతోందో లెక్క చూడండి

గడ్డ మొత్తం తీసేసినా, రక్తంలో అప్పటికే ఉన్న ఏఎఫ్‌పీ ఆ రోజే మాయం కాదు. సుమారు 5 నుంచి 7 రోజులకు సగం చొప్పున తగ్గుతుంది. సులువుగా ఉండడానికి వారానికి సగం అనుకుందాం. ముందు 1280 ఉన్న మనిషిని తీసుకోండి. వారానికి 640, రెండు వారాలకు 320, మూడుకు 160, నాలుగుకు 80, ఐదుకు 40, ఆరుకు 20, ఏడు వారాలకు 10.

అంటే ఈ మనిషికి ఐదో వారంలో 38 వస్తే సరిగ్గా దిగాల్సినట్టే దిగుతోంది. రిపోర్టు మీద ఎర్ర అక్షరాలు ఉన్నా అది మంచి వార్తే. అదే 38, ముందు 60 ఉన్న మనిషికి ఐదో వారంలో వస్తే ఆగి ఆలోచించాల్సిందే. అప్పటికి 2కో 3కో రావాలి.

మీ అంకెను వారానికొకసారి సగం చేసుకుంటూ పక్కన పెన్సిల్‌తో రాయండి. అసలు రిపోర్టు వచ్చాక పోల్చండి. కొంచెం అటూ ఇటూ ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. సగం దారిలో దిగడం ఆగిపోయినా, దిగి మళ్లీ ఎక్కుతున్నా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

హెచ్చరిక: మొదటి వారంలోనే ఏఎఫ్‌పీ చేయించి చూసుకోవద్దు, దాంతో కంగారు తప్ప ఏమీ తెలియదు. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మీ డాక్టర్ చెప్పిన రోజున చేయించండి. ఈ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన పని లేదు.

క్యాన్సర్ లేకుండా కూడా ఏఎఫ్‌పీ కొద్దిగా పెరగవచ్చు. మిగిలిన లివర్ మళ్లీ పెరిగేటప్పుడు, హెపటైటిస్ బి తిరగబెట్టినప్పుడు అలా అవుతుంది. అందుకే ఏఎఫ్‌పీ పెరిగిన రోజున ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) ఎంత ఉందో కూడా చూడండి. రెండూ కలిసి పెరిగితే ఆ మాట డాక్టర్ చెవిన వేయండి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే) పరీక్ష రాస్తారు.

5. యూనిట్, ల్యాబ్ సరిచూసుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కొన్ని ల్యాబ్‌లు ఏఎఫ్‌పీని నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని ఇంటర్నేషనల్ యూనిట్లలో, అంటే ఐయూలో ఇస్తాయి. 1 ఐయూ సుమారు 1.21 నానోగ్రాములతో సమానం. పోయినసారి 20 ఐయూ, ఈసారి 24 నానోగ్రాములు వస్తే అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏమీ మారలేదు. ఐయూలో వస్తే 1.21తో గుణించి నానోగ్రాముల్లోకి మార్చి రాసుకోండి.

యూనిట్ ఒకటే అయినా మెషిన్ మారితే అంకె కొంత మారుతుంది. కాబట్టి మొదటి నుంచీ ఒకటే ల్యాబ్. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉంటూ ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేయించుకున్నవాళ్లు ప్రతిసారీ రక్తం ఇవ్వడానికి అంతదూరం వెళ్లక్కర్లేదు. ఊళ్లోని కలెక్షన్ సెంటర్‌లో ఇవ్వవచ్చు. రిపోర్టు అడుగున శాంపిల్‌ను ఏ ల్యాబ్‌లో పరీక్షించారో రాసి ఉంటుంది, అది ప్రతిసారీ ఒకటేనా అని చూసుకోండి. బోర్డు ఒకటే అయినా పరీక్ష వేరేచోట జరిగి ఉండవచ్చు.

తప్పనిసరై ల్యాబ్ మార్చాల్సి వస్తే, వీలైతే ఒకేరోజు రెండుచోట్లా ఇచ్చి రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. అక్కడి నుంచి కొత్త ల్యాబ్ అంకెల్ని కొత్త వరసగా లెక్కపెట్టండి.

6. పివ్కా-2 ఉంటే ఇలా చూడండి

దీన్నే డీసీపీ అని కూడా రాస్తారు. ఎమ్‌ఏయూ యూనిట్లలో ఇచ్చే చోట సాధారణంగా 40 లోపు నార్మల్. ఇది ఏఎఫ్‌పీ కంటే త్వరగా దిగుతుంది, రెండు మూడు రోజులకే సగమవుతుంది.

విటమిన్ కె తక్కువైతే క్యాన్సర్ లేకపోయినా ఇది పెరుగుతుంది. గుండె జబ్బుకో రక్తం గడ్డకట్టకుండానో వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవాళ్లలో ఇది చాలా ఎక్కువగా వస్తుంది, వాళ్లకు దీన్ని నమ్మడానికి లేదు. ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడినా, పిత్తం అడ్డుపడి కామెర్లు వచ్చినా పెరుగుతుంది. పైన చెప్పిన వెడల్పు గడి ఇప్పుడు పనికొస్తుంది. ఆ మందుల్ని సొంతంగా ఆపడం, విటమిన్ కె సొంతంగా వేసుకోవడం రెండూ ప్రమాదమే.

7. ఆల్బి స్కోరు వేయండి

క్యాన్సర్ తిరిగి వచ్చిందా లేదా అన్నది ఇది చెప్పదు. మిగిలిన లివర్ ఎంత బలంగా ఉందో చెబుతుంది. లివర్ సత్తువ కూడా ఆయుష్షును నిర్ణయిస్తుంది. మళ్లీ గడ్డ వచ్చినా ఏ వైద్యం తట్టుకోగలరన్నది దానిమీదే ఆధారపడుతుంది. 2015లో ప్రచురించిన ఈ లెక్కకు రెండే అంకెలు కావాలి: టోటల్ బిలిరుబిన్, ఆల్బుమిన్.

బిలిరుబిన్ 1.2 మిల్లీగ్రాములు, ఆల్బుమిన్ 3.6 గ్రాములు అనుకుందాం. మన రిపోర్టుల్లో ఈ రెండూ డెసిలీటర్ లెక్కన ఇస్తారు.

మొదట బిలిరుబిన్‌ను 17.1తో గుణించండి: 20.52. దాని లాగ్ తీయండి: 1.312. దాన్ని 0.66తో గుణించండి: 0.87.

తర్వాత ఆల్బుమిన్‌ను 10తో గుణించండి: 36. దాన్ని 0.085తో గుణించండి: 3.06.

మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి: 0.87 − 3.06 = −2.19.

−2.60 గాని, అంతకంటే కిందకు గాని వస్తే గ్రేడ్ 1, లివర్ బాగుంది. −2.60కీ −1.39కీ మధ్య గ్రేడ్ 2. −1.39 దాటి సున్నా వైపు వస్తే గ్రేడ్ 3. మన ఉదాహరణ గ్రేడ్ 2. అదే మనిషికి ఆల్బుమిన్ 4.2కు పెరిగితే స్కోరు −2.70, గ్రేడ్ 1లోకి వస్తారు.

రెండు పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. బిలిరుబిన్‌ను 17.1తో గుణించడం మరిచిపోతే ఇదే మనిషికి −3.01 వస్తుంది, లేని గ్రేడ్ 1 కనిపిస్తుంది. 'లాగ్' బదులు పక్కనున్న 'ఎల్ఎన్' బటన్ నొక్కితే −1.07 వస్తుంది, గ్రేడ్ 3 అని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. మైనస్ గుర్తుతో కూడా జాగ్రత్త: మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ మంచిది.

ఆసుపత్రిలో ఆల్బుమిన్ బాటిల్ ఎక్కించిన కొద్ది రోజుల్లో ఈ లెక్క వేయవద్దు. ఆ ఆల్బుమిన్ లివర్ తయారుచేసింది కాదు. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు వారాల్లో కూడా అంకెలు ఎటూ నిలకడగా ఉండవు. ఆపరేషన్‌కు ముందటి స్కోరు ఒకటి, ఆ తర్వాత ప్రతి ఫాలో-అప్‌కూ ఒకటి చాలు.

8. మిగతా మార్కర్లు

ఎన్ఎల్ఆర్ అని వింటుంటారు. సీబీసీలోని న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వస్తుంది. 62, 24 ఉంటే 2.6. ఎక్కువ ఉంటే ఆపరేషన్ తర్వాతి ఫలితాలు అంత బాగుండటం లేదని అధ్యయనాలు చెబుతున్నాయి గాని, ఎంత దాటితే ఎక్కువ అన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంది. పైగా జలుబు చేసినా, స్టెరాయిడ్ వాడినా పెరుగుతుంది. దీన్ని చూసి నిద్ర పాడుచేసుకోకండి.

రక్తంలో తిరిగే క్యాన్సర్ డీఎన్ఏను పట్టే పరీక్షల గురించి ఫోన్లు వస్తుంటాయి, వేల రూపాయలు అడుగుతారు. ఆ పరీక్షల మీద ఆశ ఉంది, పరిశోధనలూ జరుగుతున్నాయి. మీరు అప్పు చేసి చేయించే ముందు మీ డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "దీని ఫలితం ఎలా వచ్చినా మీరు చేసే వైద్యం మారుతుందా?" మారదంటే ఆ డబ్బు స్కాన్‌కు దాచుకోండి.

9. స్కాన్ తేదీలు ముందే రాసుకోండి

ఈ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఐదేళ్లలో తిరిగి వచ్చే అవకాశం 70 శాతం వరకు ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. వినడానికి కష్టంగా ఉన్నా, తేదీలు తప్పకూడదని చెప్పడానికే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే మళ్లీ ఆపరేషన్, సూదితో కాల్చే అబ్లేషన్, కొందరికి లివర్ మార్పిడి, ఇలా దారులు ఉంటాయి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ దారులు మూసుకుపోతాయి.

సాధారణంగా మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూడు దశల్లో తీసే ట్రైఫేజిక్ సీటీ గాని, ఎమ్ఆర్ఐ గాని రాస్తారు. "దగ్గర్లో అల్ట్రాసౌండ్ తీయించాం, బాగానే ఉందన్నారు" అని దీన్ని మానేయకండి. కిడ్నీ సమస్య, అలర్జీ, షుగర్ మాత్రలు ఉంటే స్కాన్‌కు ముందే చెప్పాలి.

హెపటైటిస్ బి ఉన్నవాళ్లు టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రల్ని ఒక్కరోజు కూడా సొంతంగా ఆపవద్దు. గడ్డ తిరిగి రాకుండా మీ చేతిలో ఉన్న జాగ్రత్తల్లో ఇది ముఖ్యమైనది. ఖర్చు భారమైతే, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని చికిత్స కేంద్రాల్లో హెపటైటిస్ బి, సి మందులు ఉచితంగా ఇస్తారు. మీ జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఉందో అడగండి.

అంకెల్ని తారుమారు చేసేవి

జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని మెషిన్లలో ఏఎఫ్‌పీని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. ఇలా తప్పుగా తక్కువ రావడం, తప్పుగా ఎక్కువ రావడం కంటే ప్రమాదం. రక్తం ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆపాలో ల్యాబ్‌ను అడగండి.

కామెర్లకని పసరు మందు పోయించడం మన ఊళ్లలో ఇంకా ఉంది. సగం లివర్ తీసేసిన మనిషికి అది పోయించవద్దు, దయచేసి. తిప్పతీగ కషాయంతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇవి వాడుతూ బిలిరుబిన్ పెరిగితే కారణం గడ్డో మందో తేల్చడానికే వారాలు పడుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే రిస్క్ క్యాలిక్యులేటర్లు ఇంకో సంగతి. ఉదాహరణకు ఎరాస్ల్ అనే నమూనా ఆడా మగా, ఆల్బి గ్రేడ్, మైక్రోవాస్కులర్ ఇన్వేజన్, ఏఎఫ్‌పీ, గడ్డ సైజు, సంఖ్య తీసుకుని రెండేళ్లలోపు తిరిగి వచ్చే ముప్పును అంచనా వేస్తుంది. అది గడ్డ కోసి తీసిన ఆపరేషన్‌కు చేసినది. లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లకు రిట్రీట్ అనే వేరే స్కోరు ఉంది, ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. పైగా అది ఇచ్చే శాతం మీ నాన్నగారి గురించి కాదు, ఆయనలాంటి చాలామంది గురించి. పేషెంట్ పక్కన కూర్చుని ఆ శాతాన్ని పైకి చదవకండి.

మీ పట్టిక సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

ఇంట్లో ఇంకొకరికి ఒరిజినల్ రిపోర్టులు ఇచ్చి అంకెలు, యూనిట్లు మళ్లీ చదివించండి. ఆల్బిని వాళ్ల ఫోన్‌లో వాళ్లను వేయమనండి. రెండు జవాబులూ కలవాలి. తర్వాత ఏఎఫ్‌పీ గడిని పైనుంచి కిందకు ఒక్కసారి చూడండి: దిగి నిలబడిందా, ఎక్కుతోందా? ఒక్క అంకె ఎగిరిపడితే అదే ల్యాబ్‌లో మళ్లీ ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ను అడగండి. వరసగా రెండుసార్లు పెరిగితే నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు, ఫోన్ చేసి స్కాన్ ముందుకు జరపమని అడగండి. స్కాన్ నార్మల్ అని వచ్చి ఏఎఫ్‌పీ మాత్రం ఎక్కుతూనే ఉంటే సీటీ బదులు ఎమ్ఆర్ఐ చూడాలా, లివర్ బయట ఊపిరితిత్తులు, ఎముకలు కూడా చూడాలా అని అడగడం మీ హక్కు.

ఇక ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో ఉన్నవాళ్లకు ఏఎఫ్‌పీ కంటే బిలిరుబిన్, ఐఎన్ఆర్ ముఖ్యం. ఐదో రోజు తర్వాత కూడా ఆ రెండూ ఎక్కువగానే ఉంటే మిగిలిన లివర్ తట్టుకోలేకపోతోందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. ఇంటికి వచ్చాక కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, మలం నల్లగా వచ్చినా, మాట తడబడి మత్తుగా పడుకుంటున్నా రిపోర్టుల కోసం ఎదురుచూడకండి. నోట్‌బుక్ చేతిలో పట్టుకుని అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.